అమ్మానాన్నల అమెరికా ఇమిగ్రెంట్ వీసా: కాగితాలకీ మెడికల్‌కీ ఇంటర్వ్యూకీ ఇంటి దగ్గర సిద్ధం కావడం ఎలా

మా తమ్ముడు అమెరికా పౌరసత్వం వచ్చాక అమ్మకీ నాన్నగారికీ గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టాడు. అక్కడి పని వాడు చూసుకున్నాడు. రాజోలు దగ్గర మా ఊళ్ళో కాగితాలు వెతకడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, ఇద్దరినీ మెడికల్‌కీ ఇంటర్వ్యూకీ తీసుకెళ్ళడం నా వంతు అయింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరికి లెటర్ వచ్చినా మా ఇంటికి వస్తున్నారు. అందరి మొదటి ప్రశ్న ఒకటే: "ఇంటర్వ్యూలో ఏం అడుగుతారమ్మా?"

అడిగేవి చాలా తక్కువండి. మీవాళ్ళు కిటికీ దగ్గరికి వెళ్ళేసరికే ఆఫీసరు ముందు వాళ్ళ ఫైలు ఉంటుంది. ఆ ఫైల్లో రాసిందీ వీళ్ళు నోటితో చెప్పేదీ ఒకటేనా అన్నదే అక్కడ తేలాలి. అందుకని జవాబులు బట్టీ పట్టించే పని పెట్టుకోకండి. వాళ్ళ కాగితాల్లో ఏముందో వాళ్ళకి తెలిసేలా చేయండి. నేను కింద చెప్పేదంతా దాని కోసమే.

మొదలుపెట్టే ముందు ఇంట్లో అడగాల్సిన మాట

అమ్మానాన్నలు నిజంగా అక్కడ ఉంటారా? ఈ మాట దరఖాస్తు పెట్టక ముందే కూర్చుని తేల్చుకోండి. గ్రీన్ కార్డు అంటే అక్కడ స్థిరపడటానికి ఇచ్చేది. కొబ్బరి దింపులకి ఇక్కడ, మనవడి పుట్టినరోజుకి అక్కడ అని అటూ ఇటూ తిరగడానికి కాదు. ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగి వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో ప్రశ్నలు వస్తాయి. ఏడాది దాటితే కార్డు ఉన్నా లోపలికి రానివ్వకపోవచ్చు. ఎక్కువకాలం ఇక్కడే ఉండాల్సిన పని పడుతుందనుకుంటే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. దాని గడువు గరిష్ఠంగా రెండేళ్ళు. మనవల్ని చూసి నాలుగు నెలల్లో వచ్చేద్దాం అనుకునేవాళ్ళకి విజిటర్ వీసాయే మేలని నా గట్టి అభిప్రాయం. మా పక్క వీధిలో ఒక పెద్దాయన కార్డు వచ్చాక అక్కడ ఉండలేక, ఇక్కడ ఉంటే కార్డు పోతుందని నిద్ర పట్టక చాలా నలిగిపోయారు.

ఇంకో భయం కూడా తీసేస్తాను. గ్రీన్ కార్డు తీసుకున్నంత మాత్రాన భారత పౌరసత్వం పోదు. ఉన్న పొలం ఎక్కడికీ పోదు.

దారి ఎలా ఉంటుంది

21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులు తల్లికొకటి, తండ్రికొకటి విడివిడిగా ఐ-130 అనే పిటిషన్ ఫారం పెట్టాలి. తల్లిదండ్రుల కేసుకి కోటా లేదు, వరస లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ కోసం పెట్టే ఎఫ్4 మాత్రం అలా కాదు. 2025లో కూడా మన దేశంవాళ్ళకి నడుస్తున్నది 2006 నాటి తేదీలే. కాబట్టి "మా తోటికోడలి కేసు ఇన్నేళ్ళు పట్టింది" అన్న మాట విని బెంగపడకండి. ఆవిడ దారి వేరు.

ఐ-130 ఆమోదం పొందాక ఫైలు అమెరికాలో వీసా కాగితాలు చూసే ఆఫీసు, నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ ఒక్కో కేసుకి స్పాన్సర్ కాగితాల ఫీజు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకి 325 డాలర్లు. ఆన్‌లైన్లో డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం నింపి, కాగితాలు స్కాన్ చేసి పెట్టాలి. అన్నీ సరిపోయాయని వాళ్ళు తేల్చాక ఇంటర్వ్యూ తేదీ వస్తుంది. మనవాళ్ళ ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు సాధారణంగా ముంబయిలోనే. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని అక్కడ గది బుక్ చేసుకోకండి. లెటర్‌లో ఏ ఊరు రాస్తే ఆ ఊరే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్టూడెంట్ వీసాకి ఫండ్స్ చూపించడం మనకి అలవాటై, ఇక్కడ కూడా నాన్నగారి బ్యాంకు ఖాతా నింపాలని కొందరు కంగారుపడతారు. ఈ వీసాలో చూసేది స్పాన్సర్ ఆదాయం. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వీళ్ళ పోషణ బాధ్యత తమదని రాసిచ్చే ఐ-864 ఫారం మీద సంతకం పెట్టాలి. వాళ్ళ ఆదాయం అక్కడి పేదరికపు గీతకి కనీసం 125 శాతం ఉండాలి. చాలకపోతే ఆ బాధ్యతకి తోడు సంతకం పెట్టే ఇంకొకరిని, అంటే జాయింట్ స్పాన్సర్‌ని, పెట్టుకోవచ్చు. అప్పు చేసి ఇక్కడ ఖాతాలో వేసే డబ్బుతో పని లేదు.

కాగితాలు: మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే

ఒక పెద్ద తెల్ల కాగితం తీసుకుని గళ్ళు గీయండి. ఒక పక్క కాగితాల పేర్లు రాయండి: పాస్‌పోర్టు, ఆధార్, స్కూలు సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్, పెన్షన్ పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు. పైన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. ఒక్కో కాగితంలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా ఆ గళ్ళలో దించండి. ఒక సాయంత్రం పని. మా ఇంట్లో ఇది చేస్తే అమ్మ పేరు నాలుగు రకాలుగా తేలింది. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది, మరోచోట పేరు చివర "అమ్మ" చేర్చి, తమ్ముడి పుట్టిన సర్టిఫికెట్‌లో పొడి అక్షరాలతో. చిన్న తేడాలకి, ఇవన్నీ ఒకే మనిషి పేర్లని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి. పిల్లల సర్టిఫికెట్‌లో తల్లి పేరే తప్పు పడితే మాత్రం అఫిడవిట్‌తో సరిపెట్టుకోకుండా దిద్దించండి. తల్లీ బిడ్డల సంబంధానికి మూల సాక్ష్యం అదే.

నాన్నగారిది తేదీ చిక్కు. జాతకంలో ఆశ్వయుజ మాసం, స్కూలు రికార్డులో జూలై 1. ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు మేస్టారు వయసు చూసి జూలై ఒకటి రాసేసేవారు. మన పెద్దవాళ్ళలో సగం మంది కాగితాల్లో జూలై ఒకటినే పుట్టారు. దీనికి భయపడక్కర్లేదు. పాస్‌పోర్టులో ఏ తేదీ ఉందో అదే అన్ని చోట్లా రాయండి. నోటితో చెప్పేటప్పుడు కూడా అదే చెప్పమనండి. జాతకం ఊసు ఎత్తొద్దు అని కాదు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. అంతేగానీ తేదీ అడగ్గానే ఇంట్లో చేసుకునే పుట్టినరోజు చెప్పేస్తే ఫైలుకీ మాటకీ తేడా వస్తుంది.

జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1970 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు లంక గ్రామాల్లో మంత్రసాని చేతుల మీద పుట్టినవాళ్ళకి రిజిస్టర్‌లో పేరు దొరకడం అదృష్టమే. ముందు పంచాయతీలో, సచివాలయంలో వెతికించండి. లేదంటే లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోండి. దానికి స్కూలు సర్టిఫికెట్, పుట్టుక సంగతి ఎరిగిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు జత చేయండి. డెబ్భై ఏళ్ళ మనిషికి నిన్నగాక మొన్న నమోదు చేయించిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే దానికి బలం తక్కువ. పాత కాగితాలు తోడు ఉండాలి. మాది 1996 నవంబరు తుఫానులో పైకప్పు పోయిన ఇల్లు. ట్రంకు పెట్టెలో నాన్నగారి ఎస్సెస్సెల్సీ పుస్తకం తడిసి ముద్దయింది. ఆయన చదివిన బడికే వెళ్ళి అడ్మిషన్ రిజిస్టర్ నకలు తెచ్చుకున్నాం. బడుల్లో ఆ రిజిస్టర్లు జాగ్రత్తగా ఉంటాయి. అడగడానికి మొహమాటపడకండి.

సర్టిఫికెట్ చేతికిచ్చిన కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. ఒక ఆఫీసులో అమ్మ తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు వేశారు. నేను ఇంటికొచ్చి చూసుకున్నాను. మళ్ళీ దిద్దించుకోవడానికి రెండు వారాలు పట్టింది.

పుట్టిన ఊరి జిల్లా దగ్గర చాలామంది తికమకపడతారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక అమలాపురం, రాజోలు కోనసీమ జిల్లాలోకి వచ్చాయి. పాత కాగితాల్లో తూర్పు గోదావరి అనే ఉంటుంది. 1953 అక్టోబరుకి ముందు పుట్టినవాళ్ళయితే పుట్టింది మద్రాసు రాష్ట్రంలో. ఇవి తప్పులు కావు, దిద్దించే పని లేదు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే ఫారంలో అలా రాసి, అడిగితే "జిల్లా పేరు మారిందండి" అంటే చాలు.

పెళ్ళి రిజిస్టర్ చేయించుకోని దంపతులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద ఇప్పుడైనా చేయించుకోవచ్చు. శుభలేఖ ఉంటే మంచిది, పెళ్ళి ఫొటో ఉంటే ఇంకా మంచిది.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పోలీస్ స్టేషన్‌లో కాదు, పాస్‌పోర్ట్ వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టుకోవాలి. మనకి భీమవరంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. కోనసీమవాళ్ళకి ముఖ్యంగా చెప్పాల్సింది గల్ఫ్ సంగతి. పదహారేళ్ళు నిండాక కువైట్‌లోనో మస్కట్‌లోనో ఏడాది, ఆపైన ఉన్నవాళ్ళు ఆ దేశం నుంచి కూడా పోలీస్ సర్టిఫికెట్ తేవాలి. ముప్పై ఏళ్ళ కిందట ఇంటిపనికి వెళ్ళొచ్చిన అమ్మలు "అదెప్పటి సంగతో" అని ఫారంలో వదిలేస్తారు. వదలకండి. పాత పాస్‌పోర్టు వెతికి, అక్కడి మన ఎంబసీ వెబ్‌సైట్లో పద్ధతి చూసి, అన్నిటికంటే ముందు ఈ పని మొదలుపెట్టండి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది ఇదే.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువదించినవాళ్ళు తమకి రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరైనదనీ రాసి సంతకం పెట్టాలి.

చుట్టరికాలు చెప్పడం నేర్పండి

దీని గురించి ఎక్కడా ఎవరూ చెప్పరు, మా ఇంట్లో దాదాపు దెబ్బ తినబోయాం. డీఎస్-260 నింపిన తర్వాత ఒకరోజు అమ్మని ఊరికే అడిగాను, "నీకు అన్నదమ్ములు ఎంతమంది?" అని. "నలుగురే" అంది. సొంత అన్నదమ్ములు ఇద్దరే. మిగతా ఇద్దరూ పెదనాన్నగారి అబ్బాయిలు. మన మాటలో వాళ్ళూ అన్నయ్యలే, తేడా లేదు. ఆఫీసరు భాషలో బ్రదర్ అంటే ఒక తల్లిదండ్రుల బిడ్డ. అలాగే అక్క కొడుకుని "మా అబ్బాయి" అంటాం, చెల్లెలి మనవరాలిని "మా మనవరాలు" అంటాం. ఆ అమ్మాయి అమెరికాలో ఉంటే "అక్కడ మీకు ఎవరున్నారు" అన్న ప్రశ్నకి జవాబే మారిపోతుంది.

మేనరికం అయితే ఇంకాస్త ఓపిగ్గా చెప్పాలి. మావయ్య అంటే మేనమామా, మామగారా? రెండూ ఒకరే అయినప్పుడు అలాగే విడదీసి చెప్పమనండి. దాచేది ఏమీ లేదు. కానీ బిడ్డల్లేని అక్కకో అన్నకో కొడుకుని దత్తత ఇచ్చి ఉంటే, ఆ కొడుకు ఇప్పుడు కన్నతల్లికి దరఖాస్తు పెట్టాలనుకుంటే మాత్రం ఆగండి. దత్తతని ఇమిగ్రేషన్ చట్టం వేరేగా చూస్తుంది. ముందు అమెరికా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి.

అదే ఫారంలో గత ఐదేళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా అడుగుతారు. మనవడు సరదాగా తెరిచి ఇచ్చిన తాతగారి ఫేస్‌బుక్ కూడా అందులో రాయాల్సిందే.

మెడికల్

ఇది మన ఊరి డాక్టరుగారు రాసిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కాదు. కాన్సులేట్ జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. మీ లెటర్‌తో పాటు వచ్చే సూచనల్లో ఆ జాబితా ఉంటుంది. ఇంటర్వ్యూ తేదీ రాగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి, చివరి వారానికి పెట్టుకోకండి. ఎందుకో చెబుతాను.

పదిహేనేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. వాళ్ళు వెతికేది టీబీ. ఎక్స్‌రేలో మచ్చలాంటిది కనిపిస్తే, అది ఎప్పుడో తగ్గిపోయినదైనా సరే, మూడు రోజులు గళ్ళ తీసుకుని పరీక్షకి పంపుతారు. అందులో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్టు రావడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. మనం ఎంత తొందరపెట్టినా అది ముందుగా రాదు. నాన్నగారికి ముప్పై ఏళ్ళ వయసులో టీబీ వచ్చి తగ్గింది. ఆ సంగతి మా పెళ్ళిళ్ళప్పుడు కూడా బయటికి పొక్కనివ్వలేదు. డాక్టర్ దగ్గర చెప్పడానికి ఆయన పడిన ఇబ్బంది నేను కళ్ళారా చూశాను. చెప్పారు. పాత ఎక్స్‌రే ఒకటి దాచి ఉంచడం వల్ల డాక్టరుగారు రెంటినీ పక్కన పెట్టుకుని చూశారు. గళ్ళ పరీక్ష తప్పలేదు, రిపోర్టు బాగానే వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఆ చరిత్ర ఉంటే మందులు వాడిన కార్డు, పాత ఫిల్ములు వెతికి పట్టుకెళ్ళండి. తగ్గిపోయిన టీబీ వీసాని ఆపదు. ఆలస్యం మాత్రం చేస్తుంది, దానికి సరిపడా రోజులు చేతిలో ఉంచుకోండి.

బీపీ, షుగర్ ఉన్నాయని వీసా పోదు. వాడే మాత్రల చీటీ తీసుకెళ్ళండి, ఆ పూట మాత్ర మానొద్దు. మద్యం అలవాటు గురించి అడిగితే నిజమే చెప్పాలి.

ఆడవాళ్ళకి ఎక్స్‌రే దగ్గర ఒక ఇబ్బంది ఉంది. మెడలో లోహం ఉండకూడదు. మంగళసూత్రం తీయమంటే అమ్మ వయసువాళ్ళు అక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మేము ముందురోజు రాత్రే పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి అమ్మ మెడలో వేశాం, సూత్రాలు తీసి నా దగ్గర భద్రపరిచాను. నల్లపూసలు కూడా తీసేయాలి. జడ వీపు మీద పడకుండా కొప్పు పెట్టండి. ముందు హుక్కులున్న జాకెట్టు వేసుకుంటే సులువు. ఆడ టెక్నీషియన్ కావాలని అడగొచ్చు, సిగ్గుపడక్కర్లేదు.

టీకాలు వయసుని బట్టి. అరవై ఐదు దాటినవాళ్ళకి న్యుమోనియా టీకా, ధనుర్వాతం-డిఫ్తీరియా టీకా, సీజన్‌ని బట్టి ఫ్లూ టీకా చూస్తారు. తట్టు, గవదల ఎంఎంఆర్ టీకా 1957కి ముందు పుట్టినవాళ్ళకి అక్కర్లేదు. అందుకే నాన్నగారికి వేయలేదు, 1958లో పుట్టిన అమ్మకి వేశారు. ఆయనకి లేనిది నాకెందుకని అమ్మ అడిగింది, కారణం ఇదీ. కోవిడ్ టీకా ఇప్పుడు తప్పనిసరి కాదు. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు తల్లీబిడ్డల టీకా కార్డు మరవకండి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే ఎంఆర్ టీకాలో గవదలది ఉండదు. కార్డు నిండా టిక్కులున్నా ఎంఎంఆర్ మళ్ళీ వేస్తారు. రెండేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఎక్స్‌రే బదులు టీబీకి రక్తపరీక్ష చేస్తారు. చిన్నప్పుడు వేసిన బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా) వల్ల ఆ పరీక్ష తప్పుగా రాదు.

రిపోర్టు సీలు వేసిన కవరులో ఇస్తే విప్పకండి. మెడికల్ గడువు మామూలుగా ఆరు నెలలు. వీసా గడువు కూడా దాన్ని బట్టే ఉంటుంది. అందుకని మరీ ముందుగా చేయించుకున్నా చిక్కే.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూకి ముందు వేలిముద్రలకి వేరే అపాయింట్‌మెంట్ ఉంటుంది, సూచనల్లో చూసి బుక్ చేయండి. ఫొటోలు రెండంగుళాల చదరం, తెల్లటి వెనకభాగం, కళ్ళజోడు తీసి.

రాజమండ్రిలోనో తాడేపల్లిగూడెంలోనో కోణార్క్ ఎక్కితే ముంబయి దాదాపు ఒక రోజు ప్రయాణం. పెద్దవాళ్ళకి కనీసం ఒక రోజు విశ్రాంతి ఉండేలా వెళ్ళండి. కాన్సులేట్ బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉంది. మాటుంగా వైపు దిగితే సాంబారన్నం, పెరుగన్నం దొరుకుతాయి. తెలియని తిండితో కడుపు పాడుచేసుకునే సమయం కాదిది.

ఫోన్లు, బ్యాగులు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. మామూలుగా దరఖాస్తుదారుల్నే పంపుతారు, మీరు బయట ఉండాలి. అందుకే ఫైలు వాళ్ళ చేతికి అలవాటు కావాలి. నేను ఒక్కో కాగితానికీ ఒక చిన్న చీటీ అంటించి తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: పెళ్ళి కాగితం, తమ్ముడి పుట్టిన కాగితం, పోలీసు కాగితం, తమ్ముడి జీతం కాగితాలు. వారం రోజులు రోజూ సాయంత్రం "అమ్మా, పెళ్ళి కాగితం ఇవ్వు" అంటే తీసి ఇచ్చేది. అసలు కాగితాలు ఒక కవరులో, నకళ్ళు ఇంకో కవరులో పెట్టండి.

ముందు కుడిచేయి ఎత్తించి నిజమే చెబుతామని ప్రమాణం చేయిస్తారు. ఇంగ్లీషు రాదని మొదటి మాటలోనే చెప్పమనండి, తెలుగులో మాట్లాడే వీలు అడగమనండి. అర్థం కాకుండా "యస్, యస్" అని తల ఊపడం మాత్రం వద్దు. అడిగేవి ఇలాంటివి: మీకు దరఖాస్తు పెట్టింది ఎవరు? అబ్బాయి ఏ ఊళ్ళో ఉంటాడు, ఏం పని చేస్తాడు? ఎంతమంది పిల్లలు, ఎవరెక్కడ? ఇంతకుముందు అమెరికా వెళ్ళారా, ఎన్నాళ్ళున్నారు? అక్కడ ఎక్కడ ఉంటారు? కొడుకు ఉద్యోగం గురించి "ఏదో సాఫ్ట్‌వేర్" అంటే సరిపోతుంది. కంపెనీ పేరూ ఊరూ తెలిస్తే ఇంకా మేలు. తెలియనిది తెలియదనడం తప్పు కాదు.

ఇంతకుముందు విజిటర్ వీసా మీద వెళ్ళి, ఇచ్చిన గడువు దాటి ఉండిపోయినవాళ్ళు ఆ సంగతి ముందే లాయర్‌కి చెప్పండి. ఆరు నెలలు దాటి చట్టవిరుద్ధంగా ఉంటే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తిరిగి వెళ్ళకుండా ఆంక్ష పడుతుంది. దాచి దొరికితే, లేదా ఏజెంటు చేసిచ్చిన దొంగ సర్టిఫికెట్ పెడితే, ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది. "అందరూ చేయించుకుంటారండి" అని చెప్పేవాళ్ళకి దూరంగా ఉండండి. నష్టం వాళ్ళది కాదు, మీ అమ్మది.

221(జి) అని రంగు కాగితం ఇస్తే కేసు పోయిందని ఏడవకండి. ఏదో కాగితం తక్కువైందనో, ఇంకా పరిశీలించాలనో అర్థం. ఏం అడిగారో చదివి, అదే పంపండి.

వీసా వేసిన పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా టికెట్లు కొనొద్దు, చెరువు లీజుకి ఇవ్వొద్దు, ఇల్లు ఖాళీ చేయొద్దు. వచ్చాక వీసా మీద పేరు, పుట్టిన తేదీ, గడువు చూడండి. గ్రీన్ కార్డు తయారీకి 235 డాలర్ల ఫీజు ఆన్‌లైన్లో బయలుదేరే ముందే కట్టాలి, అది మీ తమ్ముడో చెల్లెలో అక్కడి నుంచి కట్టేయొచ్చు. సీలు కవరు ఇస్తే అలాగే, ఎక్స్‌రే సీడీ ఇస్తే అది కూడా, చేతి సంచిలో పెట్టండి. ఆవకాయ జాడీ ఉన్న పెద్ద పెట్టెలో కాదు.